టీచరు అర్హత రూలు మారితే బిల్లు ఎవరింటికి పోతుంది?

ఉపాధ్యాయుల అర్హతల మీద ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వచ్చినా, సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినా, ఆ చప్పుడు మన దగ్గర మొదట హన్మకొండలో, టీచరు పరీక్షలకు చదివేవాళ్ల కిరాయి గదుల్లో వినబడుతుంది. నయీంనగర్, కిషన్‌పుర గల్లీల్లో కొందరు గదులు ఖాళీ చేస్తారు, కొందరు కొత్తగా దిగుతారు. ఒక పుస్తకాల కట్ట అటకెక్కుతుంది, ఇంకో కట్ట కిందికి దిగుతుంది. 2023 ఆగస్టులో, బీఎడ్ వాళ్లు ప్రాథమిక తరగతులకు చెప్పడం కుదరదని సుప్రీంకోర్టు అన్నప్పుడు అట్లనే జరిగింది. 2025 సెప్టెంబర్‌లో, సర్వీసులో ఉన్న టీచర్లు కూడా టెట్ అనే అర్హత పరీక్ష పాస్ కావాలన్నప్పుడు మళ్లీ జరిగింది. ఈసారి పుస్తకాలు తీసినవాళ్లలో ఇరవై ఏళ్లుగా సర్కారు బడుల్లో పాఠాలు చెప్తున్న సార్లు, మేడమ్‌లు కూడా ఉన్నారు.

ఆ రూళ్లు మంచివా చెడ్డవా అన్న వాదన టీవీల్లో చాలానే నడిచింది. రూలు మార్చడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్న లెక్క మాత్రం ఎవరూ కూర్చుని వేయలేదు. అది ఒక్క చోట కనబడదు. కొంత ఖజానాలో, కొంత అభ్యర్థి ఇంట్లో, కొంత పల్లె బడిలో పిల్లల దగ్గర చీలిపోయి ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ ముక్కలను ఒక్కొక్కటిగా చూద్దాం.

డిగ్రీ ఒకటి, అర్హత పరీక్ష ఒకటి, ఉద్యోగం ఇంకొకటి

చాలామంది వీటిని కలిపేస్తారు కాబట్టి ముందు విడదీద్దాం.

మొదటిది శిక్షణ. ప్రాథమిక తరగతులకు రెండేళ్ల డీఎడ్. పాతవాళ్లు ఇప్పటికీ టీటీసీ అనే అంటారు. దీనికి డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రతి ఉమ్మడి జిల్లాలో ఒక డైట్, అంటే సర్కారు శిక్షణ కాలేజీ ఉంటుంది, మనకు హన్మకొండలో ఉంది. హైస్కూలు తరగతులకు బీఎడ్. దీనికి ఎడ్‌సెట్. 2025 ఎడ్‌సెట్‌ను కాకతీయ యూనివర్సిటీయే నిర్వహించింది.

రెండోది అర్హత పరీక్ష, అంటే టెట్. శిక్షణ పూర్తిచేసిన మనిషి బడిలో చెప్పడానికి కనీసం తగునా అని చూసే పరీక్ష. 150 ప్రశ్నలు, 150 మార్కులు. 1 నుంచి 5 తరగతులకు పేపర్-1, 6 నుంచి 8 తరగతులకు పేపర్-2. మన తెలంగాణలో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు వస్తే పాస్.

మూడోది ఉద్యోగం, అంటే డీఎస్సీ. జిల్లాలవారీగా ఖాళీలు చూపించి, పరీక్ష పెట్టి, మెరిట్ ప్రకారం ఎస్జీటీలను (ప్రాథమిక తరగతుల టీచర్లను), స్కూల్ అసిస్టెంట్లను (హైస్కూలు సబ్జెక్టు టీచర్లను), లాంగ్వేజ్ పండిట్లను తీసుకుంటారు.

ఈ మూడింటికీ నిబంధనలు పెట్టేది ఒక్కరు కాదు. చిక్కు మొదలయ్యేది ఇక్కడే. కోర్సు ఎన్నేళ్లు ఉండాలి, కనీస అర్హత ఏమిటి అన్నది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చెప్తుంది. అదే ఎన్‌సీటీఈ, 1993 చట్టంతో ఏర్పడిన సంస్థ. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 23వ సెక్షన్ దానికి ఆ అధికారం ఇచ్చింది. ఆ అధికారంతోనే 2010 ఆగస్టు 23న టెట్‌ను తప్పనిసరి చేసింది. టెట్ నడిపేది, డీఎస్సీ వేసేది, జీతం ఇచ్చేది రాష్ట్రం. మధ్యలో ఎక్కడ అతుకు ఊడినా తేల్చేది కోర్టు. రూలు రాసే చెయ్యి, డబ్బు కట్టే చెయ్యి వేరువేరు అయినప్పుడు రాసే చేతికి ఖర్చు బరువు తెలియదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఇదే అసలు సమస్య.

కోర్సుకు ఒక్క ఏడాది కలిపితే

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. 2014 నిబంధనలతో బీఎడ్ ఒక ఏడాది నుంచి రెండేళ్లయింది, 2015-16 బ్యాచ్ నుంచి అమలైంది. ఉపాధ్యాయ విద్య నాణ్యతపై జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన వేసిన కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక దానికి పునాది. ఏడాదిలో ప్రాక్టీస్ టీచింగ్ మొక్కుబడి అయిపోతోందన్న బాధ నిజమైనదే. కొత్త పద్ధతిలో బడిలో ఇంటర్న్‌షిప్ 20 వారాలు చేశారు.

ఖర్చు చూద్దాం. కింది అంకెలు ఊహించుకున్నవి, పద్ధతి తెలియడం కోసం. మీకు తెలిసిన అంకెలు పెట్టి మళ్లీ వేసుకోవచ్చు.

భూపాలపల్లి దగ్గరి ఊరి నుంచి ఒకమ్మాయి హన్మకొండ వచ్చి బీఎడ్ చదువుతోంది అనుకుందాం. గది, తిండి కలిపి నెలకు 6,000, పది నెలలకు 60,000. ఆ ఏడాది చదువు లేకపోతే ప్రైవేటు బడిలో నెలకు 10,000కు చేరేది. ఆ జీతం పోయినట్టే, 1,20,000. మొత్తం అదనపు ఏడాదికి ఆ ఇంటి మీద పడిన భారం 1,80,000. కాలేజీ ఫీజు 25,000 అనుకుని, అది ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వమే కడుతుంది అనుకుందాం. అంటే ఒక్కో విద్యార్థి మీద సర్కారు ఖర్చు 25,000, ఇంటి ఖర్చు దానికి ఏడు రెట్లు. బడ్జెట్ పుస్తకంలో కనబడేది చిన్న ముక్క. పెద్ద ముక్క ఏ పద్దులోనూ ఉండదు. ఆ చిన్న ముక్క కూడా సమయానికి రాదు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి కాలేజీలు సర్టిఫికెట్లు ఆపడం, ఆ పిల్లలు ఎంఎల్ఏ ఇంటి చుట్టూ తిరగడం మనకు కొత్త కాదు.

అవతలి వైపు వాదన కూడా ఇదే లెక్కలో ఉంది, దాన్ని దాచకూడదు. ఆ అమ్మాయి టీచరై 30 ఏళ్లు పనిచేసింది, ఏటా 30 మంది పిల్లలకు చెప్పింది. అంటే 900 పిల్లల-ఏళ్లు. ఇల్లు, సర్కారు కలిపి పెట్టిన 2,05,000ను 900తో భాగిస్తే ఒక్కో పిల్లకు ఏడాదికి దాదాపు 228 రూపాయలు. రెండో ఏడాది శిక్షణ నిజంగా పాఠాన్ని మెరుగుపరిస్తే, ఇది చాలా చవక. శిక్షణ పెంచాలనేవాళ్ల బలం ఇక్కడుంది.

ఒక షరతు మాత్రం ఉంది. చదివిన ప్రతి ఒక్కరూ టీచరు అయితేనే ఆ 228. బీఎడ్ చదివిన పదిమందిలో ఒక్కరికే బడిలో స్థిరమైన ఉద్యోగం దొరికితే, ఆ ఒక్క టీచరు వెనుక పదిమంది ఖర్చు ఉంటుంది. 228 కాస్తా 2,278 అవుతుంది. కోర్సు పొడవు ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు. ఎన్ని సీట్లు ఇస్తున్నాం, ఎన్ని పోస్టులు వేస్తున్నాం అన్నది పక్కన పెట్టి కోర్సు పెంచితే, పెరిగిన ఖర్చులో అధిక భాగం ఎన్నడూ బ్లాక్‌బోర్డు ముందు నిలబడనివాళ్ల మీద పడుతుంది.

ఇంకో చిన్న సంగతి. 2014-15లో చేరిన ఏడాది కోర్సు బ్యాచ్ 2015లో బయటికొచ్చింది. 2015-16లో చేరిన రెండేళ్ల బ్యాచ్ 2017లో వచ్చింది. మధ్యలో ఒక ఏడాది కొత్త బీఎడ్ బ్యాచ్ లేదు. కోర్సు పొడిగించినప్పుడల్లా ఇట్లా ఒక ఏడు ఖాళీ వస్తుంది.

పేపర్-1 పాసైన బీఎడ్ వాళ్ల కథ

రూలు పెట్టి, వెనక్కి తీసుకుంటే అయ్యే ఖర్చుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

2018 జూన్ 28న ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఎడ్ చేసినవాళ్లు కూడా 1 నుంచి 5 తరగతులకు చెప్పవచ్చు, చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు, అంటే లోటు పూడ్చే చిన్న శిక్షణ చేస్తే చాలు అని. ఒక్కసారిగా బీఎడ్ వాళ్లకు ఎస్జీటీ తలుపు తెరుచుకుంది. డీఎడ్ వాళ్లకు పోటీ పెరిగింది. డీఎడ్‌తో ఒకే ఉద్యోగం, బీఎడ్‌తో రెండు అయినప్పుడు డీఎడ్‌లో చేరేదెవరు? సీట్లు మిగిలిపోయాయి, చాలా ప్రైవేటు డీఎడ్ కాలేజీలు మూతబడ్డాయి.

రాజస్థాన్ హైకోర్టు 2021లో ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కోర్టు మాటలో తర్కం ఉంది. ఆరేళ్ల పిల్లకు గుణింతం పట్టించడం, పద్నాలుగేళ్ల పిల్లకు ఓమ్ నియమం చెప్పడం వేరువేరు పనులు. మొదటి పనికి డీఎడ్‌లో రెండేళ్లు తర్ఫీదు ఇస్తారు, బీఎడ్‌లో ఇవ్వరు. చిన్నపిల్లల హక్కు కోణంలో చూస్తే ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం.

తేదీలు చూడండి. తెలంగాణ టెట్ 2023 సెప్టెంబర్ 15న. తీర్పు వచ్చింది దానికి ఐదు వారాల ముందు. అప్పటికి బీఎడ్ వాళ్లు ఫీజు కట్టారు, పేపర్-1 చదివారు. ఆ పరీక్షకు పేపర్-1లో 2,23,582 మంది హాజరయ్యారు, 82,489 మంది పాసయ్యారు. తర్వాతి టెట్‌లో, 2024లో, పేపర్-1కు హాజరైంది 85,996 మంది మాత్రమే. ఈ తగ్గుదల మొత్తం ఆ తీర్పు వల్లే అనలేం. ఫీజు పెరిగింది, కొందరు ముందే పాసయ్యారు. అయినా లక్షా ముప్ఫై ఏడు వేల మంది ఒక్క ఏడాదిలో తగ్గిపోవడం మామూలు విషయం కాదు. అంతమంది వెనుక పుస్తకాలు, కోచింగు, గది కిరాయి, ఒక వేసవి అంతా ఉన్నాయి. 2018 నుంచి 2023 దాకా ఎస్జీటీ కోసమే చదివిన బీఎడ్ అభ్యర్థికి ఆ ఐదేళ్లు తిరిగి ఇచ్చే పద్దు ఏదీ లేదు.

కోర్టు 2024 ఏప్రిల్‌లో వివరణ ఇస్తూ, ఆ తీర్పు తేదీకి ముందే నియమితులైనవాళ్ల ఉద్యోగాలను కాపాడింది. వాళ్లు బ్రిడ్జి కోర్సు చేయాలి. ఉద్యోగం వచ్చినవాళ్లకు రక్షణ దొరికింది, ఉద్యోగం కోసం చదువుతున్నవాళ్లకు దొరకలేదు. న్యాయశాస్త్రంలో దీనికి కారణాలు ఉండవచ్చు. ఖర్చు లెక్కలో మాత్రం ఇద్దరూ ఒకే నోటిఫికేషన్‌ను నమ్మారు.

డీఎడ్ వైపు నష్టం ఇంకో రకం. తీర్పు తర్వాత డీఎడ్‌కు మళ్లీ విలువ వచ్చింది, కానీ మూసిన కాలేజీ తెరవడం గంట కొట్టినంత తేలిక కాదు. మధ్యలో వెళ్లిపోయిన లెక్చరర్లు తిరిగి రారు.

టెట్ పాసైనవాళ్లు మళ్లీ ఎందుకు రాస్తారు?

బయటివాళ్లకు అర్థం కాని విషయం ఇది. టెట్ సర్టిఫికెట్‌కు మొదట ఏడేళ్ల గడువు ఉండేది. 2021లో కేంద్రం దాన్ని జీవితకాలం చేసింది, 2011 నుంచి రాసినవాళ్లకు కూడా వర్తించేలా. ఒక్కసారి పాసైతే చాలు కదా? మరి పాసైనవాళ్లు మళ్లీ ఫీజు కడుతున్నారేం?

వెయిటేజీ వల్ల. మన డీఎస్సీలో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20. లెక్క ఇదీ: టెట్‌లో 150కి 90 వస్తే డీఎస్సీలో 12 కలుస్తాయి. 120 వస్తే 16 కలుస్తాయి. తేడా నాలుగు మార్కులు. డీఎస్సీలో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు. అంటే ఆ నాలుగు మార్కులు ఎనిమిది ప్రశ్నలతో సమానం. అర మార్కులో ఉద్యోగం తప్పినవాళ్లున్న చోట ఎనిమిది ప్రశ్నలంటే ఒక జీవితం. అందుకే 95 వచ్చిన అభ్యర్థి మళ్లీ రాస్తాడు, 110 వచ్చినవాడూ రాస్తాడు.

కనీస అర్హత చూడడానికి పెట్టిన పరీక్ష ఇట్లా ర్యాంకు పరీక్షగా మారింది. డ్రైవింగ్ లైసెన్సులో వచ్చిన మార్కులు ఉద్యోగానికి కలుపుతామంటే బండి నడిపేవాళ్లంతా ప్రతి ఆర్నెల్లకు లైసెన్సు పరీక్షకు పోయినట్టు. టెట్‌ను ఏడాదికి రెండుసార్లు పెట్టడం మంచి నిర్ణయమే, కొత్తగా చదువు పూర్తిచేసినవాళ్లు ఎదురుచూడక్కర్లేదు. కానీ వెయిటేజీ ఉన్నంత కాలం రెండుసార్లు అంటే రెండు ఫీజులు, రెండు ప్రయాణాలు కూడా.

ఫీజు సంగతి. 2022లో 300, 2023లో 400. 2024లో కంప్యూటర్ పరీక్ష అయ్యాక ఒక పేపర్‌కు 1,000, రెండింటికి 2,000. గొడవ జరిగాక తర్వాతి టెట్‌కు 750, 1,000 చేశారు. 2024 మొదటి టెట్‌లో పేపర్-1కు 85,996, పేపర్-2కు 1,50,491 హాజరు. పేపర్‌కు వెయ్యి చొప్పున హాజరైనవాళ్ల ఫీజే 23.65 కోట్లు. కంప్యూటర్ పరీక్షకు ఖర్చు ఎక్కువ, నిజమే. ఆ ఖర్చును ఖజానా పెట్టుకోవాలా, ఉద్యోగం లేనివాళ్లు పెట్టుకోవాలా అన్నది విధానపరమైన నిర్ణయం. ఫీజు పెంచినప్పుడు ఆ నిర్ణయం జరిగిపోయింది, దాని మీద చర్చ మాత్రం జరగలేదు.

సర్వీసులో ఉన్న టీచరు టెట్ రాయాలా?

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు, జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు స్టాఫ్‌రూముల్లో కలకలం రేపింది. సారాంశం చెప్తాను. 1 నుంచి 8 తరగతులకు చెప్పే టీచర్లలో, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకంటే ఎక్కువ ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. కాకపోతే ఉద్యోగం వదలాలి, రావాల్సిన ప్రయోజనాలు ఇచ్చి తప్పనిసరి పదవీ విరమణ చేయించవచ్చు. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు అట్లాగే కొనసాగవచ్చు, కానీ ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాలి. మైనారిటీ విద్యాసంస్థల ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపారు.

తెలంగాణలో రిటైర్మెంట్ వయసు 61. కాబట్టి లెక్క తేలిక. 1968 జూన్‌లో పుట్టిన సార్ 2029 జూన్‌లో రిటైర్ అవుతారు. తీర్పు నాటికి ఐదేళ్లు లేవు కాబట్టి మినహాయింపు. 1972 జూన్‌లో పుట్టిన మేడమ్ 2033 దాకా ఉంటారు. 2027 ఆగస్టు ముగిసేలోపు పాస్ కావాలి. ఏడాదికి రెండు టెట్‌లు జరిగితే ఆమెకు నాలుగు అవకాశాలు.

2010కు ముందు చేరినవాళ్లకు టెట్ అక్కర్లేదని పదిహేనేళ్లుగా అందరూ అనుకున్నారు, ఆ 2010 నోటిఫికేషన్‌లోనే అట్లా మినహాయింపు ఉందని చదువుకున్నారు. కోర్టు 2017లో విద్యాహక్కు చట్టానికి వచ్చిన సవరణను ఆధారం చేసుకుంది. 2015 మార్చి 31 నాటికి సర్వీసులో ఉండి కనీస అర్హత లేనివాళ్లు నాలుగేళ్లలో సంపాదించుకోవాలని ఆ సవరణ చెప్తుంది. టెట్ కూడా కనీస అర్హతే కాబట్టి అది అందరికీ వర్తిస్తుంది అన్నది కోర్టు వివరణ.

టెట్ ఉండాలనేవాళ్లు ఇట్లా అంటారు: పిల్లకు మంచి టీచరు హక్కు. ఆ పిల్లకు టీచరు ఏ ఏడాదిలో చేరాడన్నది పట్టదు. కొత్తగా చేరే 23 ఏళ్ల కుర్రాడు రాసే పరీక్షను అనుభవం ఉన్నవాళ్లు రాయలేకపోతే అనుభవానికి అర్థమేమిటి? ఉపాధ్యాయ సంఘాల వాదన వేరు: ఆనాటి రూళ్ల ప్రకారం పరీక్ష రాసి, మెరిట్‌లో వచ్చి చేరాం. ఆట సగంలో నియమం మార్చి పాత గోల్‌ను కొట్టేస్తారా? పైగా 150 బిట్లు పాఠం చెప్పే నేర్పును కొలవవు.

రెండు వాదాల్లోనూ బలం ఉంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం పేపర్-2 నిర్మాణం. దీంట్లో మనోవిజ్ఞానం 30, రెండు భాషలు 60, మిగతా 60 గణితం-సైన్స్ లేదా సాంఘిక శాస్త్రం. జీవశాస్త్రం చెప్పే మేడమ్ ఇరవై ఏళ్ల తర్వాత గణితం 30 మార్కులకు కూర్చోవాలి. తెలుగు పండిట్ పరిస్థితి ఇంకా కష్టం. ఆయన సబ్జెక్టుకు దగ్గరివి భాషలు, మనోవిజ్ఞానం, కలిపి 90. ఓసీ అయితే పాస్ మార్కు 90. అంటే ఆ 90లో ఒక్కటీ తప్పకూడదు, లేదా జీవితంలో ఎన్నడూ చెప్పని గణితమో చరిత్రో చదవాలి. పరీక్ష కొలిచేది ఆయన చెప్పే పాఠాన్ని కానప్పుడు, ఆ చదువుకు పెట్టిన ఆర్నెల్లూ పిల్లలకు ఏ లాభమూ ఇవ్వవు. 2024లో పేపర్-2 ఉత్తీర్ణత 34.18 శాతం, 2023లో 15.30 శాతం. అంతకు ముందే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఆ అంకెలు చూసి భయపడితే వాళ్లను తప్పుపట్టలేం.

ఇప్పుడు బడి వైపు. ములుగు జిల్లా ఏజెన్సీలో ఇద్దరు టీచర్ల ప్రాథమిక బడి, 25 మంది పిల్లలు అనుకుందాం. ఇద్దరూ టెట్ రాయాలి. పరీక్ష, ప్రయాణం, చివరి చదువు కలిపి ఒక్కొక్కరు ఐదు రోజులు సెలవు పెట్టారు. ఇద్దరూ వేరువేరు రోజుల్లో పెడితే పది రోజులు ఐదు తరగతులకు ఒకే టీచరు. ఒకే రోజుల్లో పెడితే బడి మూయాలి, లేదా ఎంఈఓ (మండల విద్యాధికారి) పక్క ఊరి నుంచి వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా ఒకరిని పంపాలి, అప్పుడు ఆ పక్క ఊరి బడికి అదే కష్టం. హన్మకొండ టౌన్‌లో పన్నెండు మంది టీచర్లున్న హైస్కూలుకు ఇది పెద్ద సమస్య కాదు. ఒకే రూలు చిన్న బడి మీద ఎక్కువ బరువు వేస్తుంది, ఏ జీవోలోనూ ఆ మాట రాసి ఉండదు.

సర్టిఫికెట్ ఉంటే పాఠం బాగుంటుందా?

ఇంత ఖర్చుకు ఫలితం ఉందా అన్న ప్రశ్న తప్పదు. న్యూయార్క్ నగర టీచర్ల మీద కేన్, రాకాఫ్, స్టైగర్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో, సర్టిఫికెట్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య సగటు తేడా చిన్నదని, ఒక్కో గుంపు లోపల టీచరుకూ టీచరుకూ మధ్య తేడా చాలా పెద్దదని తేలింది. మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగంలో, లాటరీ పద్ధతిన ఎంచుకున్న 100 పల్లె ప్రాథమిక బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చారు. వాళ్లకు శిక్షణ తక్కువ, జీతం రెగ్యులర్ టీచరు జీతంలో చిన్న భాగం. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు గణితంలో, భాషలో మిగతా బడుల కంటే ముందున్నారు.

దీన్ని పట్టుకుని శిక్షణ వృథా అనడం తొందరపాటు. అదనపు టీచరు వచ్చాడు కాబట్టి తరగతిలో పిల్లల సంఖ్య కూడా తగ్గింది. మన శిక్షణ చాలా చోట్ల కాగితం మీద జరుగుతుంది కాబట్టి ఫలితం కనబడకపోవచ్చు, శిక్షణ బాగుంటే వేరుగా ఉండవచ్చు. తక్కువ జీతానికి మనిషి దొరికాడు కదా అని కాంట్రాక్టు పద్ధతిని శాశ్వతం చేస్తే పడే అన్యాయం మరో లెక్క. ఈ ప్రయోగం నుంచి నేను తీసుకునేది ఒక్కటే: తరగతి గదిలో మనిషి ఉండడం అన్నిటికంటే ముందు. అర్హత రూలు ఆ మనిషి రావడాన్ని ఆలస్యం చేస్తే, ఆ ఆలస్యాన్ని కూడా రూలు ఖర్చులో రాయాలి.

భర్తీ కాని పోస్టు మిగిల్చిన డబ్బు

మన రాష్ట్రంలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత 2023 సెప్టెంబర్‌లో 5,089 పోస్టులకు ఇచ్చి, దాన్ని రద్దుచేసి, 2024 ఫిబ్రవరి 29న 11,062కు కొత్తది ఇచ్చారు. అక్టోబర్ 9న నియామక పత్రాలు ఇచ్చారు. మధ్యలో జరిగిన జాప్యానికి రాజకీయాలు, జిల్లాల విభజన, కోర్టు కేసులు, కరోనా అన్నీ కారణాలే. అర్హత రూళ్ల మీద గొడవ వాటిలో ఒకటి.

ఆ 11,062లో ఎస్జీటీలు 6,508. ఎస్జీటీ మూల వేతనం 31,040. ఏడాదికి 3,72,480. 6,508 పోస్టులు ఒక్క ఏడాది ఖాళీగా ఉంటే, మూల వేతనం ఒక్కటే లెక్కపెట్టినా ఖజానాకు 242 కోట్లు ఖర్చు తప్పుతుంది. ఆ పోస్టులన్నీ ఏడాది పొడుగునా ఖాళీగా ఉన్నాయని కాదు, పరిమాణం తెలియడానికి చెప్తున్నాను. బడ్జెట్‌లో అది పొదుపులా కనబడుతుంది. మూడో తరగతిలో కూడిక రాని పిల్ల ఐదో తరగతికి వచ్చేసరికి, ఆ ఇల్లు నెలకు కొంత తీసి ప్రైవేటు బడి వ్యాన్‌కు కడుతుంది. ఖజానాలో మిగిలిన డబ్బు అట్లా ఇంటి నుంచి పోతుంది. స్తోమత లేని ఇంట్లో అయితే అదీ పోదు, పిల్ల చదువే పోతుంది.

ఇప్పుడు రాబోతున్నది

2020 జాతీయ విద్యా విధానం ప్రకారం 2030 నాటికి టీచరు కావడానికి నాలుగేళ్ల సమీకృత బీఎడ్ కనీస అర్హత కావాలి. ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఈ కోర్సును 2023-24లో దేశంలో కొన్ని సంస్థల్లో మొదలుపెట్టారు, వాటిలో మన నిట్ వరంగల్ ఒకటి. దీనికి జాతీయ ప్రవేశ పరీక్ష ఉంది. ఇంకోవైపు, 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ విడుదల చేసిన ముసాయిదాలో పీజీ లేదా నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది బీఎడ్ మళ్లీ కనబడింది. పదేళ్ల కింద చాలదని తీసేసిన ఏడాది కోర్సు ఇది. ముందు చదివిన డిగ్రీ ఎక్కువ కాబట్టి ఏడాది చాలన్నది వాళ్ల వివరణ, అందులో అర్థం ఉంది.

ఖర్చు పరంగా నాలుగేళ్ల కోర్సుకు ఒక నిజమైన లాభం ఉంది. ఇప్పుడు మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఎడ్ కలిపి ఐదేళ్లు. ఒక ఏడాది మిగులుతుంది. పైన వేసిన ఊహా లెక్కలో ఇంటికి 1,80,000 మిగిలినట్టే. నష్టం ఇంకోటి: పదిహేడేళ్లకే టీచరు కావాలని తేల్చుకోవాలి. డిగ్రీ చదివాక, ఇంటి పరిస్థితి చూసి, పెళ్లయ్యాక కూడా బీఎడ్‌లో చేరే ఆడపిల్లలు మన జిల్లాల్లో చాలామంది. ఆ దారి ఇరుకైతే టీచరు వృత్తిలోకి వచ్చేవాళ్ల ముఖాలే మారిపోతాయి.

ఇక ఆ కోర్సు చెప్పేదెవరు? 1986 విద్యా విధానం తర్వాత ఎంతో ఆశతో పెట్టిన డైట్‌లలో లెక్చరర్ పోస్టులు ఏళ్లుగా నిండలేదు. హైస్కూలు టీచర్లను డిప్యుటేషన్ మీద తెచ్చి నడిపిస్తున్నారు. డైట్‌కు ఒక సార్‌ను తెస్తే ఆయన వదిలి వచ్చిన హైస్కూలులో ఒక సబ్జెక్టు ఆగుతుంది. కొత్త నిబంధనల కాగితంలో కోర్సు ఎన్నేళ్లో, క్రెడిట్లు ఎన్నో, ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలో వివరంగా ఉంటుంది. ఆ హైస్కూలులో ఆగిన సబ్జెక్టు ఎవరు చెప్తారో ఉండదు. హన్మకొండలో ఇప్పుడు ఎడ్‌సెట్‌కు చదువుతున్న పిల్లలు ఆ ముసాయిదా చూసి అడిగే ప్రశ్న ఇంకా చిన్నది: రెండేళ్ల బీఎడ్‌లో ఇప్పుడు చేరాలా, ఏడాది బీఎడ్ వచ్చేదాకా పీజీ చేస్తూ ఆగాలా? చేరితే ఒక ఏడాది ఎక్కువ కావచ్చు, ఆగితే వచ్చే డీఎస్సీ చేజారవచ్చు.